గెడ పట్టిన వ్యక్తి

సూర్యప్రకాశరావుకు రెండు పిచ్చులు: ఒకటి సంగీతం, రెండోది లెక్క. విడివిడిగా ఉంటే ఈ రెండింటితోనూ ఎవరికీ ఇబ్బంది లేదు. ఏలూరులో పాడుకునేవాళ్లూ ఉన్నారు, లెక్కలు వేసుకునేవాళ్లూ ఉన్నారు. ఈయన మాత్రం పాటకు మార్కులు వేసేవాడు. పెళ్లిళ్లలో కచేరీ జరుగుతుంటే, అందరూ తలలూపుతూ కూర్చున్నచోట, ఈయన కోటు జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, పాడేవాడు శ్రుతి తప్పినప్పుడల్లా ఒక గీత గీసుకునేవాడు. పెళ్లయిన కొత్తలో ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ ఒకనాడు కూర తరుగుతూ కూనిరాగం తీసింది. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో ఆ నోటుబుక్కు కనిపించింది. ఆ తరవాత ఆవిడ ఆయన బడికి వెళ్లాకే పాడుకునేది.

ఆయన మద్రాసు వెళ్లి మాస్టర్ల ట్రైనింగు, ఎల్.టి. ప్యాసై వచ్చినవాడు. అక్కడ ఎవరో దొర బోధన పద్ధతుల గురించి చెప్పిన పాఠాలు ఆయన బుర్రకు బాగా ఎక్కాయి. ఏ పద్ధతి మంచిదో నోటితో వాదించుకోవడం దండగ, రెండు పద్ధతుల్లోనూ పిల్లలకు నేర్పి, పరీక్ష పెట్టి, కొలిచి చూడాలి అని ఆ దొర అన్నాడట. ఈయన ఆ మాటను మూటగట్టుకుని రైలెక్కాడు. దానికి తోడు ఆరేళ్లు కష్టపడి ఒక పుస్తకం రాశాడు. పాటలోని స్వరాలను నల్లబల్ల మీద రంగు సుద్దలతో రాసి నేర్పే పద్ధతి అది. కింది స్థాయి స్వరాలు ఎర్రసుద్దతో, మధ్య స్థాయివి తెల్లసుద్దతో, పై స్థాయివి నీలంసుద్దతో రాస్తారు. పాట రాని మాస్టరైనా సరే, ఈ పుస్తకం చేతిలో ఉంటే పాట నేర్పగలడని ఆయన వాదన. ఆ పుస్తకం అచ్చులో చూసుకోవాలన్నది ఆయన కోరిక. అచ్చేయించే స్తోమత మాత్రం లేదు.

తాడేపల్లిగూడెంలో కొందరు పెద్దరైతులు కలిసి ఒక విద్యాసంఘం పెట్టుకున్నారు. దాని అధ్యక్షులు నరసింహరాజుగారు. ఆయనకు బోలెడంత మాగాణి, ఒక రైసుమిల్లు, మిల్లు మేడమీద పొడుగాటి హాలు ఉన్నాయి. సంఘం మీటింగులు ఆ హాల్లోనే జరిగేవి. సంఘం కింద ఏలూరులో ఒక పెద్ద బడి, కొల్లేటి నడుమ నాచులంకలో ఒక చిన్న బడి నడుస్తున్నాయి. సూర్యప్రకాశరావు ఏలూరు బడిలో మాస్టరు.

పందొమ్మిది వందల ముప్ఫై అయిదు జూన్‌లో సంఘంవారు తమ బడుల్లో సంగీతం కూడా చెప్పించాలని తీర్మానించారు. ఎలా చెప్పించాలన్న దగ్గర పేచీ వచ్చింది. సూర్యప్రకాశరావు తన రాతప్రతి పట్టుకెళ్లి చూపించాడు. పాట రాని మాస్టరు కూడా నేర్పగలడన్న మాట చాలామందికి నచ్చింది, ఎందుకంటే వాళ్ల దగ్గర ఉన్నవాళ్లందరూ ఆ రకం మాస్టర్లే. ఒక ముసలి మెంబరు మాత్రం, “మా నాయనమ్మకి అక్షరమ్ముక్క రాదండి, రాత్రంతా పాడినా పాడిన పాట పాడేది కాదు. పాట నోటినించి నోటికి రావాలి గాని సుద్దముక్కలోంచి వస్తుందాండీ?” అన్నాడు.

“వాదన ఎందుకండీ, కొలిచి చూద్దాం” అన్నాడు సూర్యప్రకాశరావు. ఆయన ఎదురుచూస్తున్న ఘడియ అదే.

అలా ఒక ఏడాది ప్రయోగం ఖాయమైంది. ఏలూరు బడిలో ఇరవైమంది పిల్లలకు సూర్యప్రకాశరావు నల్లబల్ల మీద నేర్పుతాడు. నాచులంకలో ఇరవైమందికి ఇంకొకరు నోటితో నేర్పుతారు. రెండుచోట్లా అవే అయిదు పాటలు. అందులో మొదటిది అధ్యక్షులవారి బావమరిది రాసిన ప్రార్థన, దాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మార్చినెలలో సూర్యప్రకాశరావే పరీక్ష పెట్టి రిపోర్టు రాయాలి. నల్లబల్ల గెలిస్తే పుస్తకాన్ని సంఘం అచ్చేయిస్తుంది, నాచులంక పాటల మాస్టరు ఇంటికి వెళ్లిపోతాడు. నోటిపాట గెలిస్తే ఆ మాస్టరు ఉద్యోగం పర్మనెంటు.

ఆ మాస్టరు పేరు జగ్గారావు. కైకలూరు దగ్గర కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, యాభై దాటినవాడు. పాతికేళ్లు నాటకాల కంపెనీలో హార్మోనియం వాయించాడు. టాకీలు వచ్చి జనం అటు పోవడంతో కంపెనీ మూతపడింది. హార్మోనియం అమ్మేసుకుని, భార్య వెంకటనరసమ్మను ఆవిడ అన్నగారింట్లో దింపి, మూడేళ్లపాటు ఊరూరా తిరిగాడు. సర్టిఫికెట్టు లేదు, ట్రైనింగు లేదు. ఈ ఉద్యోగం నిలబడితే భార్యను తెచ్చుకోవచ్చు, లేకపోతే లేదు. నాచులంకలో అందరికీ ఈ సంగతి తెలుసు. మాటల్లో ఎవరైనా కదిపితే, “చూద్దామండి, పిల్లలు బంగారాలండి” అనేవాడు.

మార్చి రెండో వారంలో సూర్యప్రకాశరావు శ్రుతిపెట్టె, చేతిగడియారం, మార్కుల కాగితాలు తీసుకుని నాచులంక వెళ్లాడు. ఏలూరు పిల్లల పరీక్ష అప్పటికే అయిపోయింది. యాభైకి సగటున ముప్ఫై ఏడు వచ్చాయి.

పరీక్ష నియమాలు ఆయన ముందే రాసుకున్నాడు, వాటిని మీరడం ఆయన వల్ల కాని పని. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి రావాలి. మాస్టరు దరిదాపుల్లో ఉండకూడదు. పరీక్ష చేసేవాడు పాడకూడదు, కూనిరాగం తియ్యకూడదు, తల కూడా ఊపకూడదు. జగ్గారావును దూరంగా వలలు ఆరేసుకునేచోట కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేశాడు. చదువు చెప్పడానికి ఆ బడికి వేరే మాస్టరున్నాడు గాని, ఆయన వారంలో నాలుగు రోజులు ఏలూరులోనే ఉంటాడు కాబట్టి ఆయనతో మనకు పనిలేదు.

మొదట అమ్మాజీ అనే తొమ్మిదేళ్ల పిల్ల వచ్చింది. శ్రుతిపెట్టె మోగుతోంది.

“నీకు వచ్చిన ప్రార్థన పాడమ్మా” అన్నాడు సూర్యప్రకాశరావు.

పిల్ల చేతులు కట్టుకుని నిలబడి ఆయన నోటివంక చూసింది. ఆయన గడియారం వంక చూశాడు. రెండు నిమిషాలు గడిచాయి. పిల్ల చూపు తిప్పలేదు, నోరు విప్పలేదు. రెండో పాట అడిగాడు. అదే వరస. తాళం వెయ్యమంటే మాత్రం టకటకా వేసింది. తాళానికి నాలుగు మార్కులు, మిగతావాటికి సున్నా వేసి పంపించాడు. తరవాత వచ్చినవాడూ అంతే, ఆ తరవాత వచ్చినవాడూ అంతే. ఇరవైమందీ వచ్చి, చేతులు కట్టుకుని, ఆయన నోటివంక చూసి వెళ్లారు. ఒక పిల్లవాడు చివర్లో ఏడ్చాడు. సగటు నాలుగు.

బయటికొస్తే జగ్గారావు ఆత్రంగా ఎదురొచ్చాడు.

“ఎలా పాడారండీ?”

“ఎవరూ పాడలేదండి” అన్నాడు సూర్యప్రకాశరావు. అబద్ధమాడడం ఆయనకు చేతకాదు.

జగ్గారావు ముఖం పాలిపోయింది. “పాడకపోవడమేంటండీ, వచ్చునండి వాళ్లకి” అన్నాడు. ఈ మాట ఓడిపోయిన ప్రతి మాస్టరూ అనేదే కాబట్టి సూర్యప్రకాశరావు నోటుబుక్కులో రాసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో పడవ నడిపింది ముత్యాలమ్మ అనే ఆవిడ. నాచులంకకూ ఒడ్డుకూ మధ్య మనుషుల్ని చేరవేయడం ఆవిడ పని. దోవలో ఇంకో లంక దగ్గర దిగవలసిన పిల్లలు ఆరుగురు కూడా పడవలో ఉన్నారు. మార్చినెల కాబట్టి నీళ్లు పలచబడి, పడవ తోసే గెడ వేసినప్పుడల్లా అడుగున బురద తగులుతోంది. సూర్యప్రకాశరావు మార్కుల కాగితాలు ఒళ్లో పెట్టుకుని సంతోషించే ప్రయత్నంలో ఉన్నాడు. పుస్తకం అచ్చయినట్టే. కాని ఏదో ముల్లు గుచ్చుకుంటోంది. ఏలూరు పిల్లలు తప్పులు పాడారు, రకరకాల తప్పులు. ఇక్కడ తప్పు పాడినవాడు ఒక్కడూ లేడు. పాట రానివాడు తప్పు పాడతాడు గాని, ఇరవైమంది ఒక్కలా నోరు మూసుకోవడమేమిటి?

ఇంతలో ముత్యాలమ్మ గెడ తోస్తూ, పొద్దు పోవడానికన్నట్టు, ఒక పాట ఎత్తుకుంది. సాక్షాత్తూ అధ్యక్షులవారి బావమరిది రాసిన ప్రార్థన. పిల్లల నోట విని విని ఆవిడకూ పట్టుబడింది. ఆవిడ మొదటి చరణం పాడి వదిలింది. ఆరుగురు పిల్లలూ రెండో చరణం అందుకున్నారు. సూర్యప్రకాశరావు కాగితాలు పక్కనపెట్టి శ్రుతిపెట్టె తీశాడు. ఆవిడ ఎక్కడ ఎత్తుకుందో సరిగ్గా అక్కడే అందుకున్నారు. వెంట్రుకవాసి తేడా లేదు.

“ఆగండాగండి” అన్నాడు. పక్కనే ఉన్న అమ్మాజీతో, “అమ్మాయ్, ఇప్పుడు నువ్వు మొదటినించి పాడు” అన్నాడు.

ఆ పిల్ల ముత్యాలమ్మ వంక చూసి తల దించుకుంది.

“అదెలా పాడుద్దండి?” అంది ముత్యాలమ్మ. “గెడ పట్టినోళ్లే ఎత్తుకోవాలండి. కూకున్నోళ్లు ఎత్తుకోకూడదండి. గెడ ఒకళ్ల చేతిలో, పాట ఒకళ్ల నోట్లో అయితే పడవ ఎవరి మాట వినాలండి? పిల్లకాయలు ఎత్తుకుంటే ఇంట్లో వీపు పగిలిపోద్దండి.”

“మరి ఒక్కొక్కళ్లచేత పాడించాలంటే?”

“మొదటి ముక్క మనం పాడి, పేరు పిలిచి వదిలెయ్యాలండి. ఆళ్లే అందుకుంటారండి.”

సూర్యప్రకాశరావుకు అప్పుడు బోధపడింది. పొద్దుట నించి ఇరవైమంది పిల్లలు ఆయన ఎత్తుకుంటాడని ఎదురుచూశారు. ఆయన ఎత్తుకోకూడదని రాసుకున్న నియమాన్ని పట్టుకుని కూర్చున్నాడు. జగ్గారావుకు ఆ సంగతి చెప్పాలని తోచలేదు. ఎవరూ ఎత్తుకోకుండా పిల్లల్ని పాడమంటారని కొల్లేటివాడికి కలలో కూడా తట్టదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ కాగితాలు అలాగే తాడేపల్లిగూడెం పంపేస్తే అడిగేవాడు లేడు. పుస్తకం అచ్చయ్యేది, పేరొచ్చేది. ఆ ఆలోచన ఆయనకు రాలేదని కాదు, ఒడ్డు చేరేదాకా వచ్చింది. ఒడ్డు దిగాక ముత్యాలమ్మతో, “రేపు పొద్దున్నే మళ్లీ నాచులంక వెళ్లాలి, పెందరాళే రావమ్మా” అన్నాడు. ఈ పనికి ఆయన్ను మెచ్చుకోవలసిందే.

మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి జగ్గారావు బళ్లో లేడు. లంకలన్నీ తిరిగి పిల్లల్ని పడవలో ఎక్కించుకొస్తున్నాడు. సూర్యప్రకాశరావు ముత్యాలమ్మను దూరంగా, తూటికాడ పొదల వెనక పడవ ఆపమని చూస్తూ కూర్చున్నాడు. జగ్గారావు పంచె ఎగ్గట్టి గెడ వేస్తున్నాడు. ఒక చరణం పాడతాడు, ఒక పేరు పిలుస్తాడు. పిలిచిన పిల్ల అందుకుంటుంది. మళ్లీ పాడతాడు, ఇంకో పేరు. ఒకడు తప్పు పాడాడు. జగ్గారావు ఏమీ అనలేదు, గెడ ఆపేశాడు. పడవ ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు, కసరలేదు. నిమిషంపాటు అలా నీళ్లమీద నిలబడి, మళ్లీ అదే చరణం మొదటినించి ఎత్తుకున్నాడు. ఈసారి ఆ పిల్లవాడు సరిగ్గా పాడాడు. గెడ పడింది, పడవ కదిలింది. రోజుకు ఒక్క చరణమే. నిన్నటి చరణం పడవలో అందరికీ వచ్చేదాకా ఇవాళ్టిది మొదలుపెట్టడు. ఏడాదంతా అతని పాఠం ఈ పడవలోనే జరిగింది.

సూర్యప్రకాశరావు ఇదంతా నోటుబుక్కులో నాలుగు పేజీలు రాసుకున్నాడు. అంత చక్కని బోధన ఆయన మద్రాసులో కూడా చూడలేదు. ఆ మాట కూడా రాసుకున్నాడు.

మళ్లీ పరీక్ష జరిగింది. ఈసారి మొదటి చరణం ఆయనే ఎత్తుకుని, పేరు పిలిచి వదిలాడు. నలుగురిలో పాడి పదేళ్లయింది. గొంతు వణికి పంచమం కొంచెం కిందికి జారింది. అమ్మాజీ అంతే జారిన పంచమంతో అందుకుంది. ఆయన తన పేరు రాసుకుని పక్కన ఒక గీత గీసుకున్నాడు, పిల్లకు పూర్తి మార్కులు వేశాడు. శ్రుతి మార్చి మార్చి ఎత్తుకున్నా, ఎక్కడ ఎత్తుకుంటే అక్కడే అందుకున్నారు. సగటు నలభై మూడు.

“మాస్టారూ, మీ పిల్లలే ఫస్టండి” అని వెళ్లేముందు జగ్గారావుతో చెప్పాడు. జగ్గారావు చేతులు జోడించాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. “చెప్పాను కదండీ, బంగారాలని” అన్నాడు.

ఏలూరు వచ్చి తన పిల్లలకు మళ్లీ పరీక్ష పెట్టాడు. నల్లబల్లను గోడకేసి తిప్పి, శ్రుతి మార్చాడు. ముప్ఫై ఏడు కాస్తా పదిహేడుకు దిగింది. వాళ్లకు పాట రాలేదు, రంగులు వచ్చాయి. ఆయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆరేళ్ల కష్టం మరి.

మూడోనాడు రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. కూర్చున్నాక హుషారొచ్చింది. పుస్తకం పోతే పోయింది, అంతకంటే పెద్దది దొరికింది. మద్రాసు దొర కూడా ఎరగని సంగతి ఒకటి కొల్లేట్లో తాను కనిపెట్టాడు. రాసిన కొద్దీ అది జగ్గారావు బోధన కావడం తగ్గింది, సూర్యప్రకాశరావు సిద్ధాంతం కావడం పెరిగింది. శాస్త్రీయంగా ఉండాలని మనుషుల ఊసు ఎత్తలేదు. నోటుబుక్కులోని నాలుగు పేజీలు రిపోర్టులో నాలుగు వాక్యాలయ్యాయి. ‘గెడ పట్టిన వ్యక్తి మొదటి చరణమును పాడును. కూర్చున్నవారు దానిని అందుకొందురు. తప్పు దొర్లినచో పడవ నిలుచును. ఈ ప్రాంతపు బాలబాలికలకు పాట పడవలోనే అబ్బుచున్నది.’ ఆఖరి వాక్యం ఆయనకు ఎంత నచ్చిందంటే, దాన్ని భార్యకు రెండుసార్లు చదివి వినిపించాడు.

జ్ఞానప్రసూనాంబ అంతా విని, “ఏవండీ, ఇందులో ఆ మాస్టారి పేరు ఎక్కడా లేదేం?” అంది.

“పరిశోధనలో పేర్లు ఉండవే.”

“ఏలూరు పిల్లలకి చెప్పింది మీరని మీ పేరుందిగా?”

“అది వేరు. ఆ పద్ధతి నాది.”

ఆవిడ ఇంకేమీ అనలేదు. అనకపోవడం అలవాటైన మనిషి.

ఏప్రిల్ మొదటి వారంలో సూర్యప్రకాశరావు రైల్లో తాడేపల్లిగూడెం వెళ్లాడు. మిల్లు ఆడుతోంది, మేడ మెట్లనిండా ఊక దుమ్ము. హాల్లో తొమ్మిదిమంది మెంబర్లు కూర్చుని ఉండగా గుమాస్తా రిపోర్టు చదివాడు. చదవడం అయ్యాక నరసింహరాజుగారు మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు.

“రావుగారు పెద్దమనిషండి. తన పుస్తకాన్ని తనే ఓడించుకుని నిజం రాశారు. ఇలాంటివాళ్లు మన సంఘంలో ఉండడం మన అదృష్టం.”

అందరూ బల్లలు చరిచారు. సూర్యప్రకాశరావుకు ఒళ్లు పులకరించింది.

“అయితే ఇప్పుడు మొదటి అంశమండి, నాచులంక పాటల మాస్టరు సంగతి” అన్నారు నరసింహరాజుగారు. రిపోర్టు చేతిలోకి తీసుకుని కళ్లజోడు సవరించుకున్నారు. “పాట పడవలోనే అబ్బుతోందని రావుగారు కొలిచి మరీ తేల్చారు. చాలా బాగా రాశారు కూడా. మరి పడవ ఎటూ ఉంటుంది, కొల్లేరు ఎటూ ఉంటుంది. గెడ పట్టడానికి సంఘం మాస్టర్ని పెట్టాలాండీ? పడవవాళ్లు చాలరూ?”

మెంబర్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నాయనమ్మ పాటల మెంబరు కూడా ఇది సబబేనన్నట్టు తల ఊపాడు. ఈ తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పు తర్కంలో లేదు, కాగితంలో ఉంది.

సూర్యప్రకాశరావు లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

“కూర్చోండి రావుగారూ, మీ సంగతే వస్తోంది” అన్నారు నరసింహరాజుగారు చిరునవ్వుతో. “రెండో అంశం, మీ పుస్తకమండి. కొల్లేటి పిల్లలకి పడవలున్నాయి. ఏలూరు పిల్లలకీ, మా ఊరి పిల్లలకీ లేవు కదండీ. వాళ్లకి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. పదిహేడు మార్కులైనా మేలే. మీ పుస్తకం సంఘం తరఫున అచ్చేయిద్దామని నా ప్రతిపాదన.”

సూర్యప్రకాశరావు కూర్చున్నాడు. ఈ రెండోది కూడా తేలిపోనిచ్చి అప్పుడు చెబుదామనుకున్నాడు. ఒక్క నిమిషమే కదా అనుకున్నాడు. రెండోది తేలింది, బల్లలు మళ్లీ చరిచారు, మెంబర్లు చేతులు కలిపారు, కింద భోజనాలు సిద్ధమని కబురొచ్చింది. భోజనాలయ్యాక, చేతులు కడుక్కునేచోట, ఆయన నరసింహరాజుగారికి దగ్గరగా వెళ్లి నిలబడ్డాడు.

“ఆ గెడ పట్టింది మాస్టరేనండి. జగ్గారావేనండి. రోజూ అతనే పడవ నడుపుతూ నేర్పాడండి.”

“అలాగా?” అన్నారు నరసింహరాజుగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. నిజంగానే ఆశ్చర్యపోయారు. “మరి కాగితంలో లేదేమండి?”

సూర్యప్రకాశరావు తడిచేతులు కోటుకు తుడుచుకున్నాడు.

“మినిట్సు రాసేశారు కదండీ, అందరూ సంతకాలు కూడా పెట్టేశారు. వచ్చే యేడు చూద్దాం లెండి. గుర్తు చెయ్యండి” అన్నారు ఆయన. చెడ్డమనిషి కాదు. వచ్చే యేటికి నిజంగా చూద్దామనే అన్నారు.

జగ్గారావుకు ఉత్తరువు పోస్టులో పంపుతామంటే, తానే తీసుకెళతానన్నాడు సూర్యప్రకాశరావు. ఆ మాత్రమైనా చెయ్యాలనిపించింది. రైల్లో కూర్చున్నంతసేపూ ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. ఏం చెప్పినా ఆ చెప్పినదాంట్లో తన పుస్తకం అచ్చవుతున్న సంగతి ఒకచోట తగులుతూనే ఉంది.

నాచులంకలో జగ్గారావు గుడిసె కొత్తగా నేయించిన కప్పుతో కనిపించింది. గుమ్మానికి పసుపు రాసి ఉంది. లోపలినించి నడివయసు ఆవిడ ఒకరు వచ్చి, పీట వాల్చి, మజ్జిగ గ్లాసు పెట్టింది.

“మా ఆవిడండి, వెంకటనరసమ్మ” అన్నాడు జగ్గారావు. “మొన్న శుక్రవారం తీసుకొచ్చానండి. మీరు ఫస్టని చెప్పారు కదండీ, ఇంకెందుకు ఆలస్యమని.”

సూర్యప్రకాశరావు మజ్జిగ గ్లాసు పక్కనపెట్టి, కవరు తీసి ఇచ్చాడు. జగ్గారావు దాన్ని వెలుతురులోకి పట్టుకెళ్లి నిలబడి చదివాడు. రెండుసార్లు చదివాడు. వెంకటనరసమ్మ భర్త ముఖం చూసి లోపలికి వెళ్లిపోయింది.

“ఫస్టొచ్చారనే ఉందండి ఇందులో కూడా” అన్నాడు జగ్గారావు. “ఫస్టొస్తే ఉద్యోగం పోవడం నాకు అర్థం కాలేదండి. మీరు రాసిన రిపోర్టు ప్రకారం అని ఉందండి. అదేమైనా తెచ్చారాండి?”

తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియదు. తీసి ఇచ్చాడు. జగ్గారావు అరుగుమీద కూర్చుని, వేలు పెట్టి వరసవరసా చదివాడు. మార్కుల పట్టిక దగ్గర ఆగి, పిల్లల పేర్లన్నీ పైకి చదువుకున్నాడు. అమ్మాజీ పేరు దగ్గర చిన్నగా నవ్వాడు. తరవాత పేజీ తిప్పాడు. ఆ నాలుగు వాక్యాల దగ్గర చాలాసేపు ఉండిపోయాడు. సూర్యప్రకాశరావుకు పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గు ఎన్నడూ వెయ్యలేదు. తిడితే బాగుండునని చూశాడు. జగ్గారావు తిట్టే మనిషి కాదు.

“చాలా బాగా రాశారండి” అన్నాడు. “అచ్చం మా పడవలో జరిగినట్టే ఉందండి. ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ గెడ పట్టిన వ్యక్తి అన్నారు చూడండి, అదెవరండీ?”

“మీరేనండి” అన్నాడు సూర్యప్రకాశరావు.

జగ్గారావు ఆ వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదువుకున్నాడు.

“అలాగాండి. నేను ముత్యాలమ్మ అనుకున్నానండి” అని, కాగితాలు జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చేశాడు.